ముందు బాగుపడి రమ్మనకండి

నలభై దాటిన మనిషి రేపట్నుంచి పరుగు మొదలుపెడతానని ఇంట్లో అనగానే వినపడే మాటలు మన ఊళ్లన్నిటా ఒకే తీరుగా ఉంటాయి. “ముందు ఆ సిగరెట్లు మానెయ్, తర్వాత పరుగెత్తుదువు గానీ.” “ఇంత బరువుతో పరుగెత్తితే మోకాళ్లలో గుజ్జంతా అరిగిపోతుంది.” “పోయినసారి మడమ పట్టేసి నెల రోజులు కుంటారు కదా, మళ్లీ ఎందుకండీ ఇదంతా?” చెప్పేవాళ్లు పరాయివాళ్లు కారు. అన్నయ్య, భార్య, ఆఫీసులో పక్క సీటు స్నేహితుడు, ఒక్కోసారి డాక్టరు కూడా. ప్రేమతోనే చెబుతారు. అయినా ఈ మాటల వెనకున్న నమ్మకం తప్పు. దానివల్ల జరుగుతున్న నష్టం చిన్నది కాదు.

ఆ నమ్మకం ఏమిటంటే, దూరపు పరుగు ఇప్పటికే ఆరోగ్యంగా ఉన్నవాళ్ల సొత్తని. అలవాట్లు మానాలి, బొజ్జ కరగాలి, పాత నొప్పులన్నీ పోవాలి, అప్పుడు గానీ బూట్లు కొనకూడదని. ఈ వరసను నమ్మినవాడు అలవాటు మానే రోజు కోసం ఎదురుచూస్తాడు. ఆ రోజు రాదు. యాభై వస్తుంది, దాంతోపాటు షుగరు వస్తుంది, బీపీ వస్తుంది. అప్పుడు అదే ఇంట్లోవాళ్లు, అదే డాక్టరు “కాస్త ఒళ్లు కదపకపోతే ఎలా?” అంటారు.

అసలు సామాన్యుల పరుగు ఎక్కడ మొదలైందో చూడండి. 1960ల మొదట్లో న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే కోచ్ నడివయసు ఉద్యోగులనూ, గుండెజబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్లనూ పోగేసి నెమ్మదిగా పరుగెత్తించడం మొదలుపెట్టాడు. ఒలింపిక్ విజేతలను తయారుచేసిన కోచ్ ఆయన. 1962లో అమెరికాలోని ఒరెగాన్ నుంచి బిల్ బోవర్‌మన్ అనే మరో పెద్ద కోచ్ అక్కడికి వెళ్లి ఆ గుంపుతో పరుగెత్తబోయి వెనకబడిపోయాడు. అప్పుడాయనకు యాభై దాటింది. డెబ్బై దాటి, గుండెపోటు తట్టుకుని లేచిన ఒక పెద్దాయన తన వేగం తగ్గించుకుని బోవర్‌మన్‌కు తోడుగా వచ్చాడు. తిరిగి వెళ్లాక బోవర్‌మన్ ఒక గుండె వైద్యుడితో కలిసి 1967లో జాగింగ్ మీద పుస్తకం తెచ్చాడు. అమెరికాలో జాగింగ్ ఇంటింటికీ చేరడానికి అదొక కారణం. అంటే ఈ పరుగు పుట్టిందే చెడిన ఒంటి కోసం. ఈరోజు మనం ఎవరిని గేటు బయట నిలబెడుతున్నామో, ఆ రోజు వాళ్లే దానికి మొదటి సభ్యులు.

ఇక మోకాళ్ల సంగతి. మోకాలు స్కూటరు టైరు కాదు, తిరిగినకొద్దీ అరిగిపోవడానికి. మనం గుజ్జు అని పిలిచే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలు మీద బరువు పడి, మళ్లీ వదిలినప్పుడే చుట్టూ ఉన్న ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. 2017లో పాత పరిశోధనలన్నిటినీ కలిపి చేసిన ఒక సమీక్షలో, ఆరోగ్యం కోసం, సరదా కోసం పరుగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందిలోనే కనిపించింది. అసలు పరుగెత్తనివాళ్లలో 10.2 శాతం. పోటీల కోసమే బతికే క్రీడాకారుల్లో మాత్రం 13.3 శాతం. ఈ మూడో అంకెను దాచకూడదు. అతి ఎక్కడైనా అతే. కానీ హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూనో, విశాఖ బీచ్ రోడ్డు మీదో వారానికి మూడు రోజులు పరుగెత్తే గుమాస్తాకు ఆ మూడో వరసతో సంబంధం లేదు.

మోకాళ్లు బాగున్నవాళ్లే పరుగులో మిగులుతారు, చెడినవాళ్లు మానేస్తారు, అందుకే లెక్క అలా వస్తుందని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ల పని విలువైనది. వాళ్లు 1984 నుంచి యాభై దాటిన పరుగరులనూ, పరుగెత్తని అదే వయసువాళ్లనూ రెండు దశాబ్దాలపాటు వెంబడించారు. కొందరి మోకాళ్లకు ఏళ్ల తరబడి ఎక్స్‌రేలు తీశారు. చివరికి పరుగరుల్లో 20 శాతం మందికి, మిగతావాళ్లలో 32 శాతం మందికి అరుగుదల కనిపించింది. పరీక్షించినవాళ్లు వందమందే కాబట్టి పరుగు మోకాళ్లను కాపాడుతుందని దీన్నిబట్టి ఢంకా బజాయించలేం. పరుగు మోకాళ్లను తినేస్తుందనే మాటకు మాత్రం ఇందులో ఏ ఆధారమూ దొరకదు.

మరి కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు దెబ్బలు తగలడం లేదా? తగులుతున్నాయి. పిక్క ఎముక వెంట సలుపు, పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పోటు, మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, చీలమండ వెనక నరం బిగుసుకోవడం. వీటికి కారణం పరుగు అనుకుంటాం. తొందర అసలు కారణం. గుండె, ఊపిరితిత్తులు మూడు నాలుగు వారాల్లోనే కొత్త పనికి అలవాటుపడతాయి. ఎముకకూ, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువుకూ నెలలు పడుతుంది. కొత్త బరువు పడగానే ఎముక ముందు తన పాత పదార్థాన్ని తొలగించుకుంటుంది, ఆ తర్వాతే కొత్తది కట్టుకుంటుంది. మధ్యలో కొన్ని వారాలు అది మామూలుకన్నా బలహీనం. సరిగ్గా అప్పుడే మనిషికి ఊపిరి సులువై, “నాకొచ్చేసింది” అనే ఉత్సాహం పుడుతుంది. రెండు కిలోమీటర్లవాడు ఆదివారం ఏకంగా ఏడు పరుగెత్తుతాడు, సోమవారం కుంటుతాడు. ఇంట్లోవాళ్లు “చెప్పామా లేదా?” అంటారు. తప్పు ఏడో కిలోమీటరుది. శిక్ష మాత్రం మొత్తం పరుగుకు వేస్తారు.

దెబ్బ తగిలాక మన దగ్గరున్న ఏకైక వైద్యం “పూర్తిగా రెస్ట్”. కొన్నిటికి అది తప్పనిసరి. ఎముక మీద ఒక్కచోట వేలు పెడితే ప్రాణం పోతున్నా, రాత్రి పడుకున్నా నొప్పి వదలకపోయినా, అడుగు తీరే మారిపోయి కుంటుతున్నా పరుగు ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే. కానీ అన్ని నొప్పులూ అలాంటివి కావు. 1998లో స్వీడన్‌కు చెందిన హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఎముకల వైద్యుడు చీలమండ వెనక స్నాయువు నొప్పితో పరుగు మానేసిన 15 మంది చేత రోజుకు రెండుసార్లు మెట్టు అంచున నిలబడి మడమను కిందికి దించే వ్యాయామం చేయించాడు. నొప్పి ఉన్నా చేయమన్నాడు, తేలికయ్యాక వీపున బరువు కూడా పెట్టాడు. 12 వారాలకు ఆ 15 మందీ మళ్లీ పరుగెత్తారు. 2007లో స్వీడన్ నుంచే వచ్చిన మరో పరిశోధన, నొప్పి పదికి ఐదు దాటకుండా చూసుకుంటూ పరుగు కొనసాగించినవాళ్లు, పరుగు ఆపి వైద్యం తీసుకున్నవాళ్లతో సమానంగా కోలుకున్నారని చూపింది. అలాంటి స్నాయువుకు కావలసింది తగిన మోతాదులో పని. ఆర్నెల్లు సోఫాలో కూర్చోబెడితే అది మరింత బలహీనపడి, తర్వాతి దెబ్బకు సిద్ధంగా ఉంటుంది.

ఇప్పుడు అలవాట్లు. “పొద్దున పరుగు, సాయంత్రం సిగరెట్టా? ఎవరిని మోసం చేస్తున్నావ్?” అనే మాట మనిషిని సూటిగా గుచ్చుతుంది. సిగ్గుపడి చాలామంది మానేసేది సిగరెట్‌ను కాదు, పరుగును. రెండూ చేస్తున్నవాడు ఎవరినీ మోసం చేయడం లేదు. వాడు సగం బాగుపడ్డాడు, మిగతా సగం బాకీ ఉంది. 2014లో వచ్చిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనం 55,137 మందిని సగటున 15 ఏళ్లపాటు గమనించింది. పరుగెత్తేవాళ్లకు ఆ కాలంలో చనిపోయే ముప్పు 30 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 45 శాతం తక్కువ. రోజుకు ఐదు పది నిమిషాల నెమ్మది పరుగుకూ ఆ మేలు కనిపించింది. పొగతాగేవాళ్లు, తాగనివాళ్లు, మద్యం ముట్టేవాళ్లు, ముట్టనివాళ్లు, సన్నవాళ్లు, లావువాళ్లు అనే తేడా లేకుండా కనిపించింది.

ఇందులో అబద్ధపు ఆశ పెట్టడం నాకిష్టం లేదు. పరుగు దానంతటదే సిగరెట్ మాన్పించదు. వ్యాయామం తోడైతే ఎక్కువమంది శాశ్వతంగా మానేస్తారనడానికి రుజువు దొరకలేదని, అనేక పరీక్షలను కలిపి చూసిన 2019 కాక్రేన్ సమీక్ష తేల్చింది. కాసేపు ఒళ్లు కదిపితే ఆ పూటకు సిగరెట్ మీద యావ తగ్గుతుందన్నది మాత్రం చాలా పరీక్షల్లో తేలింది. పరుగు చేసే ఇంకో పని ఉంది, అలవాటు ఖరీదును అప్పటికప్పుడు చూపించడం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు మించిన బలంతో రక్తాన్ని పట్టుకుంటుంది. కుర్చీలో కూర్చున్నవాడికి అది తెలియదు. ఎత్తెక్కుతున్న పరుగరికి వందో అడుగులో తెలిసిపోతుంది. పైగా మన ఎండలు మన చేత ఒక పని చేయిస్తాయి. మార్చి నుంచి జూన్ దాకా ఏడు దాటాక పరుగెత్తలేం, ఐదింటికే రోడ్డెక్కాలి. ఐదింటికి లేవాలంటే రాత్రి పన్నెండు దాకా మందు పార్టీలో కూర్చోవడం కుదరదు. ఇరవై ఏళ్ల ఉపదేశం తేలేని మార్పును ఒక్కోసారి ఈ పొద్దుటి పని తెస్తుంది. తేకపోయినా పరుగు మేలు పరుగుకు ఉండనే ఉంది.

చివరిగా గుండె భయం. అదే అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. 2021 అక్టోబర్‌లో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే, 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 50 ఏళ్లకే గుండెపోటుతో పోయినప్పుడు మన ఇళ్లలో ఆ భయం స్థిరపడింది. ఇద్దరూ వ్యాయామాన్ని ప్రేమించినవాళ్లే. అమెరికాలో ఇలాంటి పాత కథ జిమ్ ఫిక్స్‌ది. 35 ఏళ్ల వయసులో, రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాలుస్తూ, అధిక బరువుతో పరుగు మొదలుపెట్టాడు. సిగరెట్లు మానాడు, బరువు తగ్గాడు, పరుగు మీద 1977లో లక్షల ప్రతులు అమ్ముడైన పుస్తకం రాశాడు. 1984 జులైలో, 52 ఏళ్లకు, పరుగెత్తుతూనే గుండెపోటుతో చనిపోయాడు. పరుగు వద్దనేవాళ్లకు అది ఆయుధమైంది. వాళ్లు చెప్పని సంగతులున్నాయి. ఆయన తండ్రికి 35 ఏళ్లకే గుండెపోటు వచ్చింది, 43కే పోయాడు. ఏరోబిక్స్ పితామహుడు డాక్టర్ కెన్నెత్ కూపర్ తన ఆస్పత్రికి వచ్చిన ఫిక్స్‌ను ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోమంటే వద్దన్నాడు. అతని రక్తనాళాలు అప్పటికే పూడుకుపోయి ఉన్నాయి. ఈ కథ నేర్పేది పరీక్ష చేయించుకోమని. పరుగెత్తవద్దని నేర్పదు.

అంకెలు కూడా అదే చెబుతాయి. 2000 నుంచి 2010 దాకా అమెరికాలో మారథాన్లు, హాఫ్ మారథాన్లు పరుగెత్తిన కోటీ 9 లక్షల మందిలో గుండె ఆగినవాళ్లు 59 మంది, అంటే దాదాపు 1,84,000 మందికి ఒకరు. 1993లో వచ్చిన మరో అధ్యయనంలో, బొత్తిగా వ్యాయామం లేనివాడు ఒక్కసారిగా ఒళ్లు హూనమయ్యే పని చేస్తే ఆ సమయంలో గుండెపోటు ముప్పు నూరు రెట్లు దాటింది. వారానికి ఐదు రోజులు వ్యాయామం చేసేవాడికి అది రెండున్నర రెట్లే. ప్రమాదం అలవాటు లేని ఒంటిని ఉన్నట్టుండి దౌడు తీయించడంలో ఉంది. దానికి విరుగుడు నెమ్మదిగా అలవాటు చేయడమే.

అందుకే మూడు నెలల్లో హాఫ్ మారథాన్ చేయిస్తామని ఊరించేవాళ్లూ నాకు నచ్చరు. ఆగస్టు ఉక్కపోతలో, ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాల మీద జరిగే హైదరాబాద్ మారథాన్‌కు ఏప్రిల్‌లో మొదటి అడుగు వేసినవాణ్ని తోలడం కూడా హింసే. పరుగు వద్దనేవాళ్లూ, మెడల్ కోసం ఉరకమనేవాళ్లూ ఒక విషయంలో ఏకమవుతారు. పరుగంటే రొప్పుతూ, నొప్పి భరిస్తూ చేసే సాహసమే అని ఇద్దరూ అనుకుంటారు. కాదు. 1996లో జాష్ క్లార్క్ తయారుచేసిన తొమ్మిది వారాల పద్ధతి అరవై సెకన్ల పరుగు, తొంభై సెకన్ల నడకతో, వారానికి మూడు రోజులతో మొదలవుతుంది. పక్కవాడితో మాట్లాడగలిగేంత వేగం చాలు. ఈ నెలలో పరుగెత్తిన దూరాలన్నిటిలోకీ పెద్దదాన్ని ఒక్క రోజులో బాగా దాటకపోతే చాలు.

కాబట్టి ఇంట్లోవాళ్లకు నా మాట ఇది. మీ మనిషి పరుగెత్తుతానంటే అలవాట్ల జాబితా చదవకండి. ముందు గుండె పరీక్షకు తీసుకెళ్లండి. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం, కుటుంబంలో చిన్న వయసు గుండెపోట్లు ఉంటే ఆ పని ఆలస్యం చేయకండి. డాక్టర్లకు నా మనవి ఒక్కటే, “మానెయ్” అనే బదులు “ఎంత, ఎలా” అని రాసివ్వండి. పరుగు బృందాలవాళ్లు కొత్తవాడి కోసం అందరికన్నా నెమ్మదైన ఒక తోడును ముందే కేటాయించాలి. ఆక్లాండ్‌లో ఆ పెద్దాయన చేసింది అదే. ఇక మొదలుపెట్టాలనుకునే మీరు, జేబులో సిగరెట్ పెట్టె ఉన్నా, మడమలో పాత నొప్పి ఉన్నా, పరీక్షల్లో గుండె సరే అన్న మర్నాడే బయల్దేరండి. సిగరెట్ మానే పని కూడా ఆ రోజే మొదలుపెట్టండి, రెండు పనులూ పక్కపక్కనే సాగనివ్వండి. ఒకటి ఓడితే రెండోదాన్ని మాత్రం శిక్షించకండి.