ఎదిగిన నారు, సాగిన నారు

సంక్రాంతి దాటింది. వేసవి టమాట, వంగ, పచ్చిమిర్చి కొరకు నారు పోసుకొనే దినములు వచ్చాయి. ఈ మాసము మీకు సలహా చెప్పుటకు ముందు మా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి.

మా సంఘములో విధవరాలైన ఒక సహోదరికి పది సెంట్ల చేను ఉంది. వేసవిలో పండిన టమాటలు, మిరపకాయలు సంతలో అమ్మితేనే ఆమె పిల్లల చదువు సాగుతుంది. ఒక ఏడు ఆమె రెండు విత్తన పొట్లాలు తెచ్చి, “అయ్యగారూ, మా ఇంటి చుట్టూ మేకలు, కోళ్లు. మీ ప్రహరీలో నారు పోసి పెట్టండి” అని అడిగారు. సంతోషముగా ఒప్పుకున్నాము.

అవి హైబ్రీడు విత్తనాలు. గింజ గింజా డబ్బే. మేము తొట్లలో మట్టి నింపి గింజలు చిక్కగా చల్లాము. పైన వరిగడ్డి కప్పి, ఊళ్ల పర్యటనకు వెళ్లి, మొలక వచ్చిన మూడు దినములకు గాని గడ్డి తీయలేదు. ఎండకు వాడిపోతాయేమోనని తొట్లను వరండాలో ఉంచాము. ఆకులు పాలిపోతే యూరియా నీళ్లు పోశాము. అన్నీ ప్రేమతో చేసినవే, అన్నీ తప్పులే.

ఇరవై దినములు దాటేసరికి టమాట నారు జానెడయింది. చూసినవారందరు మెచ్చుకున్నారు. ఆదివారము ఆరాధన అయిన తరువాత పెద్ద రైతు ఒకరు తొట్టి దగ్గర కూర్చుని, “ఇది ఎదిగిన నారు కాదండి అయ్యగారూ, సాగిన నారు. చేలో నిలబడదు” అన్నారు. అప్పుడు చూశాము. కాడలు దారములవలె ఉన్నాయి. ఆకుకూ ఆకుకూ మధ్య ఎడము ఎక్కువ. మొక్కలన్నీ వెలుతురు వైపు వాలిపోయాయి.

కారణము ఇది. వెలుతురు చాలనప్పుడు మొక్క వేరునూ కాడ లావునూ విడిచి, ఉన్న బలమంతా పొడవుకే పెడుతుంది. చిక్కగా ఉన్న చోట ప్రక్క మొక్క నీడ తగిలినా అదే పని చేస్తుంది. అప్పుడు యూరియా, ఎక్కువ నీరు ఇస్తే కాడ ఇంకా మెత్తబడుతుంది. అటువంటి తడి గుంపులోనే నారుకుళ్లు తెగులు త్వరగా పాకుతుంది.

కాబట్టి నారు పోసేటప్పుడే జాగ్రత్తపడాలి. రోజంతా ఎండ తగిలే చోట మీటరు వెడల్పు, జానెడుకు తగ్గకుండా ఎత్తు ఉన్న మడి కట్టండి. నాలుగు వేళ్ల ఎడముతో గీతలు గీసి, గింజలను పలుచగా, సెంటీమీటరు లోతుకు మించకుండా వేయండి. గడ్డి కప్పితే నాలుగవ దినము నుండి ఉదయము, సాయంత్రము ఎత్తి చూడండి. మొలకలు తల ఎత్తిన పూటే గడ్డి తీసివేయాలి. మొక్క మొక్కకు కనీసము వేలెడు ఎడము ఉండేటట్లు అదనపు మొక్కలు తీసివేయండి. మనస్సు ఒప్పదు గాని తప్పదు. మట్టి పై పొర ఆరిన తరువాతే నీరు పోయండి. ట్రేలలో కొబ్బరి పొట్టు వేసి పెంచేవారికి, షేడ్‌నెట్ కట్టేవారికి కూడా ఇదే మాట. మొలకలు కుదురుకున్న తరువాత నీడ తగ్గిస్తూ రావాలి.

ఇప్పటికే నారు సాగిపోతే పారవేయకండి. ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే ఆకులు తెల్లబడి మాడిపోతాయి. మొదట ఉదయపు ఎండ గంట సేపు చూపి, వారము దినములలో మెల్లగా పెంచండి. యూరియా ఆపండి. ఆకులు పొడిగా ఉన్నప్పుడు రోజుకు రెండు మూడు సార్లు అరచేతితో నారు తలలపై మెత్తగా నిమరండి. గాలి తగిలినట్టు కదిలితే మొక్క పొడవు తగ్గి కాడ గట్టిపడుతుంది. అయితే చుట్ట ముట్టిన చేతులు కడుక్కోకుండా నారును తాకవద్దు. పొగాకు నుండి వైరస్ తెగులు టమాటకు, మిరపకు అంటుకుంటుంది.

టమాటకు ఒక మేలున్నది. దాని కాడ మట్టిలో కప్పబడితే అక్కడ నుండి కూడా వేళ్లు వస్తాయి. అందువలన సాగిన టమాట నారుకు క్రింది ఆకులు తుంచి, చిన్న కాలువ తీసి, కాడను ఏటవాలుగా పరచి, పైన నాలుగు ఆకులు మిగిలేటట్లు మట్టి కప్పండి. సాయంత్రము నాటి, వెంటనే నీరు ఇవ్వండి. నీరు నిలిచే నల్లరేగడిలో మరీ లోతుగా పాతితే కాడ కుళ్లిపోతుంది. మిరపకు, వంగకు ఈ ఉపాయము అంతగా పనికిరాదు. వాటిని మడిలో ఉన్న లోతు కంటె కొద్దిగా మాత్రమే లోతుగా నాటి, చిన్న పుల్ల ఆసరా ఇవ్వండి.

ఆ సహోదరికి సంగతి చెప్పుటకు మాకు సిగ్గువేసింది. రెండు దినములు వాయిదా వేసి, చివరకు ఆమె ఇంటికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాము. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “ఇప్పుడైనా చెప్పారు అయ్యగారూ, మిరప మళ్లీ పోసుకుంటాను” అన్నారు. విత్తనము ఖర్చు మేము ఇచ్చాము. టమాటలు ఏటవాలుగా నాటితే చాలా వరకు నిలిచాయి. మిరప సగము పోయింది. రెండవసారి పోసిన నారుతో ఆమె మిరపకాయలు నెల దాటి ఆలస్యముగా సంతకు వెళ్లాయి. ఆ నెల సంపాదన మేము తిరిగి ఇవ్వలేకపోయాము.

ఇప్పుడు మేము నారు పొడవును చూడము. కాడను రెండు వేళ్ల మధ్య పట్టి చూస్తాము. పొట్టిగా, లావుగా, ముదురాకుపచ్చగా ఉంటే అది ఎదిగిన నారు. ఈ రోజే మీ మడి దగ్గరకు వెళ్లి చూడండి. మొదటి వారములో కనిపెట్టిన తప్పు సులువుగా సరిపడుతుంది.