అరచేయి చూడటం తెలిసిన నర్సు కావాలి

ఆర్సెనిక్ మన నోట్స్‌లో ఎక్కడ ఉంటుంది? జనరల్ స్టడీస్ మూడో పేపర్‌లో, నీటి కాలుష్యం కింద, ఫ్లోరైడ్ పక్కన ఒక లైను. గంగా మైదానం, లీటరుకు 0.01 మిల్లీగ్రాముల పరిమితి, అంతే. నా దృష్టిలో ఇది రెండో పేపర్‌లోని ఆరోగ్యానికి, అందులోనూ నర్సింగ్‌కు చెందిన విషయం.

1983లో కోల్‌కతాలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవ్యాధుల వైద్యుడు కె.సి. సాహా, 24 పరగణాల నుంచి వచ్చిన రోగుల చర్మంపై ఆర్సెనిక్ ప్రభావాన్ని గుర్తించారు. తర్వాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి చెందిన దీపాంకర్ చక్రవర్తి బృందం ఏళ్ల తరబడి ఊరూరా నీళ్లు పరీక్షించింది. అంటే బావి కన్నా ముందు మనిషి చర్మమే సంగతి చెప్పింది. చెరువు నీళ్లతో కలరా వస్తుందని జనాన్ని చేతిపంపుల వైపు మళ్లిస్తే, ఆ పంపుల్లోనే రంగూ రుచీ లేని విషం వచ్చింది. నల్గొండలో ఫ్లోరైడ్ పళ్ల మీద, ఎముకల్లో బయటపడినట్టే ఇక్కడ ఇది చర్మం మీద బయటపడింది.

ఛాతీ మీద, వీపు మీద వాన చినుకులు పడ్డట్టు మచ్చలు. అరచేతుల్లో, అరికాళ్లలో చర్మం మందమై గరుకు బొడిపెలు. ఇవన్నీ ఏళ్ల తరబడి తాగాక వస్తాయి. మొదట్లో పెద్దగా నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ ఆసుపత్రికి వెళ్లరు. వెళ్లినా, పొలం పని చేసే చేతులు కాయలు కాయవా అంటారు. లేదంటే కుష్ఠు అని ఊరు దూరం పెడుతుంది, ఆడపిల్లకు సంబంధాలు రావు.

ఈ మూడింటికీ తేడా నర్సుకు నేర్పగలిగినదే. పనిముట్టు ఒరుసుకునే చోటే కాయ కాస్తుంది. ఆర్సెనిక్ గరుకుదనం సాధారణంగా రెండు అరచేతుల్లోనూ, అరికాళ్లలోనూ ఉంటుంది. కుష్ఠు మచ్చ మీద దూది కొస తాకితే చాలాసార్లు తెలియదు. నిర్ధారణ డాక్టరూ ల్యాబూ చేస్తారు, కానీ అనుమానం ముందు ఎవరికో ఒకరికి రావాలి కదా.

దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. ముందు ఆ నీళ్లు మానాలి. శాలిసిలిక్ ఆమ్లం లేపనంతో గరుకు కొంత మెత్తబడుతుంది. పగిలిన మడమలను శుభ్రం చేసి కట్టు కట్టకపోతే చీము పడుతుంది. అలాంటి చర్మం మీద పుండు మానకపోతే క్యాన్సర్ అనుమానంతో వెంటనే పైకి పంపాలి. ఇదంతా నర్సు చేతిలో పనే.

1947 చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. మనం దాన్ని సంస్థాగత సంస్కరణగా రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఆర్సెనిక్ జిల్లాల్లో పనిచేసే ఏఎన్ఎంకు ఏం నేర్పుతున్నారన్నది ఎవరూ రాయరు. ఇంజినీరింగ్ చదివిన నాకు ముందు ఫిల్టర్లే గుర్తొస్తాయి, నిజమే. కానీ ఆ ఫిల్టరు ముందు ఏ వీధికి కావాలి?

ఏఎన్ఎం ఇప్పటికే రిజిస్టర్ల కింద నలిగిపోతోందని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. అందుకే ముందు ఒక రిజిస్టరు తీసేయండి. టీకాకు వెళ్లిన ఇంట్లో పెద్దల అరచేతులు చూడనివ్వండి. ఆమె రాసే రిఫరల్ చీటీలో ‘ఏ పంపు నీళ్లు తాగుతున్నారు’ అని ఒక గడి పెట్టి, ఆ చీటీ నకలు నీటి సరఫరా శాఖకు కూడా పంపండి.