ఇద్దరు నాన్నలు, ఇద్దరు తాతయ్యలు, ఒక పండగ

విడిపోయిన తల్లిదండ్రుల పిల్లలకి పండగ ఎవరింట్లో? 2017లో వచ్చిన 'డాడీస్ హోమ్ 2' అనే హాలీవుడ్ కామెడీ ఈ ప్రశ్న తీసుకుని సగం బాగానే చెప్పింది, సగం తప్పించుకుంది.

చూడనివాళ్ళ కోసం కథ కొంచెం చెప్తాను. డస్టీ (మార్క్ వాల్‌బర్గ్) పిల్లల కన్నతండ్రి. బ్రాడ్ (విల్ ఫెరెల్) వాళ్ళమ్మ శారాని పెళ్ళాడిన మారుతండ్రి. 2015లో వచ్చిన మొదటి భాగంలో పోటీలు పడి కొట్టుకున్న ఈ ఇద్దరూ ఇప్పుడు స్నేహితులు, పిల్లల్ని కలిసి చూసుకుంటున్నారు. అంతా బాగుందనుకుంటుండగా, స్కూల్ ఫంక్షన్‌లో పాప మేగన్ స్టేజీ మీదే అనేస్తుంది: ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరగాల్సిన క్రిస్మస్ నాకొద్దని. దాంతో ఈసారి అందరం ఒకేచోట చేసుకుందామని నాన్నలు నిర్ణయిస్తారు. సరిగ్గా అప్పుడే తాతయ్యలిద్దరూ దిగుతారు.

నాకు ఇక్కడే మనసు ఆగిపోయింది. ఆ పిల్ల అంతమంది ముందు ఎందుకు చెప్పింది? ఇంట్లో ఎవరూ అడగలేదు కాబట్టి! నాన్నలిద్దరూ ఒకరినొకరు మెచ్చుకోవడంలో మునిగిపోయారు. పెద్దవాళ్ళు సర్దుకుంటే పిల్లలూ సర్దుకున్నట్టే అనుకోవడం మన దగ్గరా ఉన్నదే కదా.

ఇక తాతలు. డస్టీ తండ్రి కర్ట్ (మెల్ గిబ్సన్) కొడుకుని పట్టించుకోకుండా తిరిగిన మనిషి. ఇప్పుడొచ్చి, కొడుకు పిల్లల్ని ఇంకో మగాడితో కలిసి పెంచుతుంటే ఎగతాళి చేస్తాడు. నవ్వొస్తుంది నిజమే. కానీ తండ్రిని తాతయ్య చిన్నబుచ్చుతుంటే మనవలు చూస్తూనే ఉంటారు. "మీ నాన్న ఒక్కసారైనా వచ్చాడా?" అని అమ్మమ్మగారింట్లో, "మీ అమ్మ పెంపకమే ఇంత" అని నానమ్మగారింట్లో అనే మాటలు ఇలాంటివే. ఆ దెబ్బ కొడుక్కో కోడలికో కాదు, అన్నం తింటూ వింటున్న పిల్లాడికి తగులుతుంది.

బ్రాడ్ తండ్రి డాన్ (జాన్ లిత్‌గో) దీనికి పూర్తిగా తిరుగు. కొడుకుని చూస్తే ముద్దులే ముద్దులు. అయితే ఆ మంచాయన కూడా తనకి విడాకులైన సంగతి కొడుక్కి చెప్పకుండా దాస్తాడు. నిజం తెలిశాక బ్రాడ్ కుదేలైపోతాడు. సంసారం ఉన్న మగాడే అలా అయిపోతే, "నాన్న ఊరెళ్ళారు" అని ఏళ్ళ తరబడి మనం మభ్యపెట్టే ఏడేళ్ళ పిల్ల సంగతేంటి? ప్రేమ ఉన్నంత మాత్రాన అబద్ధం తేలికైపోదు.

సినిమా తప్పించుకున్న సగం ఆడవాళ్ళది. నాన్నలకి కథ ఉంది, తాతలకి కథ ఉంది. శారాకీ, డస్టీ భార్య కరెన్‌కీ మాత్రం ఎక్కువగా ఒకరినొకరు ఓరగా చూసుకోవడమే మిగిలింది. పిల్లలకి ఏ మందు పడదో, ఫీజు ఎప్పుడు కట్టాలో, యూనిఫాం ఎప్పుడు పొట్టయిందో గుర్తుపెట్టుకునేది ఎవరు? సినిమా అటు వెళ్ళనే లేదు.

మన దేశంలో 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టం ఐదేళ్ళలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంటుంది. ఉమ్మడి సంరక్షణకీ వీలుండాలని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో సిఫారసు చేసింది. మంచిదే. కానీ శని, ఆదివారాలు పంచుకున్నంత మాత్రాన పెంపకం పంచుకున్నట్టు కాదండీ. ఆదివారం ఐస్‌క్రీం నాన్నదీ, సోమవారం హోంవర్క్ అమ్మదీ అయితే అది పంపకం కాదు. గుర్తుపెట్టుకునే భారం కూడా సగం మోయాలి.

మీ ఇంట్లోనో, మీ అక్కచెల్లెళ్ళ ఇళ్ళలోనో ఇలాంటి పిల్లలుంటే, వచ్చే సంక్రాంతికి టికెట్లు బుక్ చేసేముందు వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని "నీకెలా ఉంటే బాగుంటుంది నాన్నా?" అని అడగండి. వాళ్ళ జవాబు మనకి నచ్చకపోవచ్చు. అయినా వినండి. తాతయ్యలకి ముందే చెప్పి ఉంచండి, అరిసెలు పెట్టొచ్చు, ఆరాలు మాత్రం తీయొద్దని.