బొగ్గును విడుచుట: భార మెవరిది?

నేలబొగ్గు వాడుకను క్రమముగ మానవలె ననుటలో మాకు సందేహము లేదు. దానిని కాల్చగా పుట్టు బొగ్గుపులుసు వాయువు భూగోళమును వేడెక్కించుచున్నది. 2021లో గ్లాస్గో సభయందు, 2070 నాటికి మన నికర ఉద్గారములను సున్నకు దింపుదుమని భారతప్రభుత్వము ప్రతిజ్ఞ చేసినది. ప్రతిజ్ఞ మంచిదే. దానిని నెరవేర్చుటలో ఎవరి కూడు పోవునో, ఆ కూటికి బదులేమో మాత్రము ఏలినవారు స్పష్టముగ చెప్పలేదు.

ఇది మన యింటి ప్రశ్న. ఇల్లెందు ప్రాంతమున 1889లో ఆరంభమైన త్రవ్వకము నేడు గోదావరి లోయ పొడవున వ్యాపించినది. సింగరేణి గనులనుండి ఏటా సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గు వెలువడుచున్నది. సుమారు 40 వేలమంది ఖాయపు పనివారును, వేలకొలది కాంట్రాక్టు కూలీలును వానిపై బ్రదుకుచున్నారు. తండ్రి గనిలో దిగుచుండగా కొడుకు వారసత్వోద్యోగమునకై కాచుకొని యున్నాడు. గనులు మూతపడగా ఇల్లెందు, బెల్లంపల్లి పట్టణములు కళదప్పిన వైనము మన కన్నులయెదుటనే యున్నది. సూర్యశక్తి కేంద్రములు వచ్చుచున్నవిగదా యందురు. నిర్మాణము ముగిసిన పిదప వానికి కావలసిన పనివారు బహు స్వల్పము. అవి గనులున్న చోటనే వెలయు ననెడి నియమమును లేదు. ఓట్లకు వెరచి ఏ పక్షమువారును గని మూసివేత మాట యెత్తరు. మూతపడిన నాడు బాధ్యతయు నెత్తుకొనరు.

ధనము లేదందురా? 2010లో స్వచ్ఛశక్తి నిధికై టన్ను బొగ్గునకు 50 రూపాయల సుంకము విధించిరి. 2016 నాటికి అది 400 రూపాయలైనది. 2017లో వస్తుసేవల పన్ను రాగానే ఆ రాబడిని రాష్ట్రముల నష్టపరిహారమునకు మరలించిరి. 2025 సెప్టెంబరులో ఆ సుంకమునే యెత్తివేసి, బొగ్గుపై సాధారణపు పన్నును 5 నుండి 18 శాతమునకు పెంచిరి. స్వచ్ఛశక్తి పేర మొదలైన పన్ను ఇట్లు సామాన్యపు ఖజానాలో కలిసిపోయినది.

బ్రిటనులో 1984-85 నాటి సమ్మె యోడిన పిమ్మట గనిపల్లెలు దశాబ్దములు కుమిలినవి. జర్మనీ 2020లో, 2038 నాటికి బొగ్గును విడుతునని శాసించునప్పుడే, బొగ్గుప్రాంతములకు 4,000 కోట్ల యూరోలవరకు కేటాయించినది. వారు గడువుతోపాటు ధనమును గూడ వ్రాసిరి. మనము గడువు మాత్రమే చెప్పితిమి.

ముందుగ బొగ్గు కాల్చి ధనికములైన దేశములు మనకు సాయపడవలె ననుట న్యాయము. ఆ హక్కును గట్టిగ నడుగుదము. కాని మన కార్మికునకు మనము బాకీపడిన న్యాయమును ఆ సాకుతో వాయిదావేయ రాదు. గని మూయుటకు పదియేండ్లు ముందే ఆ యూరికి నిధి యేర్పడవలెను. కాంట్రాక్టు కూలీ పేరు జాబితాలో మొదట నుండవలెను. త్రవ్విన భూమి సాగునకో, అడవికో తిరిగి రావలెను. ఇవి దయాధర్మములు కావు. దేశమునకు వెలుగు నిచ్చుటకై మనుజుని గనిలోనికి దింపినవారే అతనిని క్షేమముగ పైకి తేవలయును.