దాతలకు దండం సరే, సర్కారుకు బాధ్యత లేదా?

సారపాక దగ్గర వంతెన మీద నిలబడి చూడండి. కింద గోదావరి. ఈ నీళ్లతోనే 1979 నుంచి ఇక్కడ పేపరు మిల్లు నడుస్తోంది. ఎగువన అశ్వాపురంలో 1991 నుంచి అణువిద్యుత్ కేంద్రాల కోసం భారజలం తయారవుతోంది. కాగితానికి నీళ్లున్నాయి. అణువుకు నీళ్లున్నాయి. అడవి అంచున కోయగూడెం బడికి నల్లా కావాలంటే మాత్రం విదేశీ వాలంటీర్లు రావాలట, దాతలు కరుణించాలట! ఇదేం న్యాయం?

వచ్చేవాళ్ల మీద మాకు కోపం లేదు. సాటి మనిషి దాహం తెలిసినవాళ్లకు దండం పెడతాం. 2000లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ ప్రొఫెసర్ బెర్నార్డ్ అమదేయి బెలీజ్ దేశంలోని సాన్ పాబ్లో అనే ఊరికి పోయాడు. అక్కడ ఆడపిల్లలు నీళ్లు మోస్తూ బడికి దూరమయ్యారు. మరుసటేడు విద్యార్థులను వెంటబెట్టుకుపోయి ఆ ఊరికి నీళ్లు తెచ్చాడు. 2002లో 'ఇంజనీర్స్ వితౌట్ బార్డర్స్' అమెరికా సంస్థ పుట్టింది అట్లనే. ఆ సంస్థ ఒక ఊరికి మాటిస్తే కనీసం ఐదేళ్లు దాని వెంట నిలబడాలన్నది వాళ్ల నియమం. పరాయి దేశపు విద్యార్థికి ఐదేళ్ల బాధ్యత! మన పాలకులకు రిబ్బన్ కత్తిరించి ఫొటో దిగేదాకేనా?

మనకు తెలిసిన బోరింగునే చూడండి. 1970లలో షోలాపూర్ పంపు ఆధారంగా మన ఇంజనీర్లు, యూనిసెఫ్ కలిసి ఇండియా మార్క్-2 చేతిపంపును తయారు చేశారు. అదీ అంతర్జాతీయ భాగస్వామ్యమే. కానీ పంపు పాతి చేతులు దులుపుకోలేదు. తమిళనాడులో ఊరికో కాపలాదారు, బ్లాకుకో మెకానిక్కు, జిల్లాకో సంచార బృందం పెట్టారు. నీళ్లిచ్చింది ఇనుము ఒక్కటే కాదు, ఆ ఏర్పాటు.

ఇక్కడేం జరుగుతుంది? శిలాఫలకం మీద పేర్లుంటాయి. మోటారు కాలితే బాగుచేసే మనిషి పేరు ఎక్కడా ఉండదు. కరెంటు బిల్లు ఎవరిది? క్లోరిన్ కలిపేదెవరు? వరదకు మునిగిన బోరు నీళ్లు పరీక్షించేదెవరు? జవాబు లేదు. చివరికి పంతులు జేబు, పిల్లల చేతిలో బిందె.

బడిలో మంచినీళ్లు భిక్ష కాదు, చట్టం. 2009 విద్యాహక్కు చట్టం అదే చెప్పింది. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆరు నెలల గడువు పెట్టింది. 2016లో మిషన్ భగీరథ మొదలైంది. గొట్టాలు వేశామని లెక్కలు చెబితే చాలదు, పిల్ల తిప్పిన నల్లాలో నీళ్లు రావాలి.

నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం కొట్లాడినం. 2014లో రాష్ట్రం తెచ్చుకున్నం. ఆ నినాదంలో మొదటి మాట నీళ్లే కదా! ఆ మాట బడి గేటు దాకా రాకుంటే కొట్లాట ముగిసినట్టు కాదు.

విద్యార్థి మిత్రులారా, సెలవులకు ఊరికి పోయినప్పుడు మీరు చదివిన బడికి పోయి నల్లా తిప్పి చూడండి. ఉద్యోగ సోదరులారా, పని పూర్తయిందని సంతకం పెట్టేముందు ఆ నీళ్లు ఒక గ్లాసు తాగండి. ఏ దేశపు దాత వచ్చినా ఆహ్వానిద్దాం. కానీ మరమ్మతు చేసే మనిషి పేరు, ఏటా ఇచ్చే పైసలు, నీటి పరీక్ష ఫలితం బడి గోడ మీద రాయించాలె. ఆ రాత కింద సర్కారు సంతకం ఉండాలె.

దాత ఇచ్చేది చేయూత. సర్కారు ఇవ్వాల్సింది హక్కు. అడిగి కాదు, నిలదీసి తీసుకుందాం!