ముందు సముద్రగర్భ పటం, తర్వాతే అనుమతి

ఆంధ్రప్రదేశ్ తీరరేఖ పొడవు దశాబ్దాలుగా పాఠ్యపుస్తకాల్లో 974 కిలోమీటర్లుగా ఉండి, ఇటీవలి పునర్గణనలో 1,053 కిలోమీటర్లయింది. కొత్తగా నేలేమీ పుట్టుకురాలేదు. వంపులనూ మొగలనూ మునుపటికన్నా సూక్ష్మంగా కొలిచారు, అంతే. ఒడ్డుపై చూపిన ఈ శ్రద్ధను ఒడ్డుకు ఆవల, చేపపిల్లలు పెరిగే లోతు తక్కువ జలాల అడుగుపైనా చూపాలి. అక్కడ ఏ జీవావాసం ఎక్కడుందో తెలిపే పటం ప్రజల ముందుంచే వరకు తీరంలో కొత్త రేవులకు, ఇసుక తవ్వకాలకు అనుమతులివ్వరాదు.

నావికా పటాలు ఉన్నాయి కదా అనడం సమాధానం కాదు. ఓడకు దారి చూపడం వాటి పని, అడుగున ఏ జీవులున్నాయో చెప్పడం కాదు. అడుగు తీరు తెలుసుకోవడానికి వాడే మల్టీబీమ్ ఎకో సౌండర్ అనే పరికరం ఓడ అడుగు నుంచి శబ్ద కిరణాలను విసనకర్రలా పరచి, ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి లోతును, దాని బలాన్ని బట్టి అడుగు బురదో ఇసుకో రాయో అంచనా కడుతుంది. ఆ అంచనా నిజమో కాదో అడుగు మట్టిని పైకి తీసి పరీక్షిస్తేనే తేలుతుంది. కిరణాలు పరచుకునే వెడల్పు సాధారణంగా లోతుకు మూడు నాలుగు రెట్లుంటుంది గనుక 3,000 మీటర్ల లోతున ఒక్క విడతలో దాదాపు 10 కిలోమీటర్ల మేర కొలిచే ఈ పద్ధతి, 10 మీటర్ల లోతున 30, 40 మీటర్లకే పరిమితమవుతుంది. జీవం దట్టంగా ఉండే చోటే పని నెమ్మదిస్తుందన్న మాట. విమానం నుంచి లేజర్‌తో కొలిచే పద్ధతికి తేట నీరు కావాలి. ఒండ్రుతో కలకబారిన గోదావరి మొగల్లో అది అక్కరకు రాదు.

సముద్రపు అడుగు తెలియకపోతే ఒడ్డుకు జరిగే నష్టానికి కాకినాడ అఖాతమే తార్కాణం. కోరింగ మడ అడవులు, హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ, ఏటేటా కోతకు గురవుతున్న ఉప్పాడ తీరం, ఇవన్నీ ఇసుక, ఒండ్రుల ఒకే ప్రవాహానికి ముడిపడి ఉన్నాయి. పైన ఆనకట్టలు ఒండ్రును ఆపేకొద్దీ ఆ ప్రవాహం సన్నబడుతోంది. అల ఎక్కడ బలంగా తాకుతుందో నిర్ణయించే అంశాల్లో ముఖ్యమైనది సముద్రపు అడుగు వాలు. దాన్ని పట్టించుకోకుండా ఒడ్డున గోడలు కట్టి కోతను ఆపాలనుకోవడం ఖజానాకే చేటు. ఉప్పాడలో ఇసుక నింపిన గొట్టపు సంచులతో కట్టిన జియోట్యూబ్ గోడను అలలు ఛిద్రం చేయడం అందరూ చూసిందే.

ప్రాజెక్టు పెట్టేవారే సర్వే చేయించుకునే ప్రస్తుత పద్ధతిలో పటం ఆ ప్రాజెక్టు హద్దు వద్దే ఆగుతుంది. ఇసుకకూ చేపలకూ ఆ హద్దు పట్టదు. 2024 నవంబరులో కేంద్రం సముద్రగర్భ ఖనిజ బ్లాకుల తొలి వేలం ప్రారంభించాక కొల్లం వద్ద ఇసుక తవ్వకంపై కేరళ మత్స్యకారులు తిరగబడ్డారు. ఆంధ్ర తీరంలో ఆ పరిస్థితి వచ్చేదాకా ఆగడం తెలివైన పని కాదు. దేశ రక్షణ దృష్ట్యా అతి సూక్ష్మ లోతు వివరాలను దాచుకోవచ్చు గాని, జీవావాసాల పటాన్ని దాచడానికి ఆ సాకు చాలదు. విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, హైదరాబాదులో సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ ఉండగా నైపుణ్యం కొరత అన్న మాటకూ తావు లేదు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధంలో బోట్లు ఖాళీగా ఉంటాయి; వాటిలో తగినవాటిని, సరంగులతో సహా, కూలి చెల్లించి రాష్ట్ర ప్రభుత్వం ఈ సర్వేకు పెట్టుకుంటే వచ్చే వేసవిలోనే కాకినాడతో పని మొదలుపెట్టవచ్చు.