మణలి ఫిడేలు, బీథోవెను సొనాటా

ఫ్రిట్జ్ క్రైస్లరు ఫిడేలును, ఫ్రాంజ్ రుప్పు పియానోను వాయింపగా 1935-36 సంవత్సరములలో లండను నగరమున రికార్డయిన బీథోవెను సొనాటాలు పదియును, నాలుగు నిమిషములకొకమారు ప్లేటు త్రిప్పవలసిన ఆనాటి శ్రమ లేకుండ, నేడు ఏకధారగా వినగలుగుచున్నాము. సూది గరగర వినబడుచునే యున్నది. పియానో నాదము ఒకింత దూరమున నున్నట్లు తోచును. అయినను క్రైస్లరు స్వరమునుండి స్వరమునకు వ్రేలిని జార్చునప్పుడు, జారు అను గమకమెరిగిన చెవికి ఆ వాదకుడు పరదేశిగా తోపడు.

ఈ రికార్డును తిరుత్తణి, తిరువళ్ళూరు సీమల తెలుగు పాఠకులకు ప్రత్యేకించి చెప్పుటకు హేతువు కలదు. 1960లో చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు చేరిన ఆ తిరుత్తణిలోనే, కుమారస్వామి వృద్ధరూపమున వచ్చి నోట కలకండ నుంచగా, ముత్తుస్వామి దీక్షితులు మాయామాళవగౌళలో తొలికృతి రచించిరని ఐతిహ్యము. ఆయన తమ్ములు బాలుస్వామి దీక్షితులు, ఇటీవలివరకు తిరువళ్ళూరు జిల్లాలో నుండిన మణలిలో, మొదలియారుల ఆదరణమున, ఐరోపా వాదకునియొద్ద ఫిడేలు నభ్యసించిన వృత్తాంతము, 1904లో ఎట్టయపురమున తెలుగులో వెలువడిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో చూడనగును. అన్నగారు దొరల బ్యాండు మెట్లకు సంస్కృత సాహిత్యము కూర్చి నోట్టుస్వరములను మిగిల్చిపోయిరి.

తమ్ములుగారు ఫిడేలును గైకొనిరి గాని పియానోను గైకొనలేదు. వారి వివేకమును శంకింప బనిలేదు: మెట్లులేని పలకపై వ్రేలెచ్చట నూనినను నాదము పలుకును గనుక ఫిడేలు గమకమునకు లొంగినది, మీటలకు బిగిసిన పియానో లొంగదు. మనవారు తంత్రులను షడ్జ పంచమములకు సవరించి, నేలపై గూర్చుండి, వాద్యపు తలను చీలమండపై నానించి, దానిని సంపూర్ణముగ మనదానిని జేసికొనిరి. సొనాటా మాత్రము గడప యవతలనే నిలిచిపోయినది.

విచిత్రమేమనగా, అచ్చటను ఫిడేలు మొదట పక్కవాద్యమే. మోజార్టు 1778లో ప్రకటించిన సొనాటాల ముఖపత్రమే వానిని, ఫిడేలు సహకారముతో గూడిన పియానో రచనలని పేర్కొనినది. బీథోవెనునకు వచ్చుసరికి ఆ తారతమ్యము కరగినది. వసంతమను పేర బరగిన అయిదవ సొనాటాలో మొదట ఫిడేలు రాగము నెత్తికొనగా పియానో అడుగున అలలు కట్టును. పిమ్మట పియానో అదే రాగము నందుకొనగా, ఇంతవరకు ఏలిన ఫిడేలు తానే అలలు కట్టుటకు దిగును. మన కచేరీలో గాయకుడు ఆలాపన ముగించి ఫిడేలుకు వంతు నిచ్చును; ఇచ్చి మౌనము వహించును, లేదా భళాయనును; అతని వెనుక తాను పక్కపాట పాడడు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలునకు ప్రధానాసనము నిచ్చినప్పుడును పీఠముమీది వ్యక్తి మారెను గాని పీఠము మారలేదు. ఇది లోపమని మా అభిప్రాయము కాదు. మనోధర్మమునకు ఏకనాయకత్వ మావశ్యకము. కాని ఇరువురు నాయకులు గల సంగీతమొకటి కలదని మన విద్యార్థులెరుగవలదా?

ఎరుగగోరువారు ఆ వసంత సొనాటాలోని మూడవ ఖండముతోనే ఆరంభింపవచ్చును. ఇంచుమించు ఒక్క నిమిషమే యుండును. అందు ఫిడేలు పియానోకు ఒక్క దెబ్బ వెనుకబడి, తాళము తప్పినట్లే నడచును. రుప్పు ఆగడు, క్రైస్లరు అందుకొనడు. అది బీథోవెను కోరి పెట్టిన చమత్కారమని ముందుగా చెప్పక, మన మృదంగ విద్వాంసుల కొకమారు వినిపింపవలెను.